చిన్న కుక్కే కదా అని తెచ్చుకునే ముందు

పోయిన నెల మా చిన్నాన్న కూతురు వాట్సాప్‌లో ఒక ఫొటో పంపింది. తెల్లటి షిట్‌జూ జాతి కుక్క. చెవుల మీద గోధుమరంగు మచ్చలు, కళ్ళ మీదికి పడిపోయిన జుట్టు, ఆ జుట్టంతా ఉండలు కట్టి ఉంది. ఎవరో కార్లో తెచ్చి చెరువు కట్ట దగ్గర దింపేసి వెళ్ళిపోయారట. పొద్దున్నే వాకింగ్‌కి వచ్చినవాళ్ళు చూసి, వదిలేసిన కుక్కల్ని కాపాడే ఒక వాలంటీరుకి అప్పజెప్పారు. ఫొటో కింద చెల్లి ఇలా రాసింది: "అక్కా, చిన్నదే కదా, తెచ్చేసుకోనా? బాబు రెండు రోజుల నుంచి ఒకటే గొడవ."

వాళ్ళది కూకట్‌పల్లిలో అద్దె ఫ్లాటు, నాలుగో అంతస్తు. ఇద్దరూ ఉద్యోగస్తులే. అత్తగారు ఇంట్లోనే ఉంటారు, ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. బాబుకి ఏడేళ్ళు. వాళ్ళ ముందు ఉన్నది ఈ ఒక్క కుక్కే కాదు. సెల్లార్‌లో ఒక వీధి కుక్క ఈనింది, నాలుగు పిల్లలు. వాటిలో ఒకటి బాబు వెనకాలే లిఫ్టు దాకా వస్తోంది. మా మరిదికి తెలిసినాయన ఒకరు పొమరేనియన్ పిల్లల్ని అమ్ముతున్నారు, మీకు తగ్గించి ఇస్తానంటున్నారు.

ఆ రాత్రి ఫోన్లో గంటన్నర మాట్లాడుకున్నాం. మా ఇంట్లో ఆరేళ్ళుగా బుజ్జి అనే ఒక స్పిట్జ్ క్రాస్ (సంకరజాతి బొచ్చుకుక్క) ఉంది. అదీ ఎవరో వదిలేసినదే. చెల్లికి చెప్పిందంతా ఇక్కడ రాస్తున్నాను, ఇదే సందేహంతో ఉన్నవాళ్ళు చాలామంది ఉంటారని.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పగలు ఉద్యోగాలకు వెళ్ళే ఇంటికి, ఫ్లాటుకి, పెద్దవాళ్ళున్న ఇంటికి నాలుగైదేళ్ళు దాటిన చిన్న రెస్క్యూ కుక్క, అంటే ఎవరో వదిలేస్తే కాపాడి తెచ్చినది, మంచిది. కుక్కపిల్ల కంటే మంచిది, కొన్నదాని కంటే ఇంకా మంచిది. కాకపోతే దాని ఒంట్లో ఏముందో తెలుసుకుని తెచ్చుకోవాలి, మన ఇంట్లో దానికి ఎన్ని గంటలు ఇవ్వగలమో లెక్క వేసుకోవాలి. చిన్నదే కదా అనుకుంటే ఈ రెండూ మర్చిపోతాం.

ముందు మీ ఇంటి లెక్క

ఒక మామూలు మంగళవారం ఎలా గడుస్తుందో కాగితం మీద రాయమన్నాను. ఆదివారం అయితే అందరూ ఇంట్లోనే ఉంటారు, అందరికీ కుక్క ముద్దొస్తుంది. మంగళవారం పొద్దున ఆరింటికి లేచి నాలుగు అంతస్తులు దిగి దాన్ని తిప్పేదెవరు? స్కూల్ బస్సు వచ్చే టైముకి అది వాంతి చేసుకుంటే తుడిచేదెవరు? పదింటి నుంచి ఆరింటి దాకా దాని దగ్గర ఎవరుంటారు?

చిన్న కుక్కకైనా పొద్దున ఇరవై నిమిషాలు, సాయంత్రం ఇరవై నిమిషాలు నడక కావాలి. అలవాటు పడిన పెద్ద కుక్క ఐదారు గంటలు ఒంటరిగా పడుకుని ఉండగలదు. రెండు నెలల పిల్ల మాత్రం రెండు మూడు గంటలకు మించి మూత్రం ఆపుకోలేదు, రాత్రి కూడా లేవాల్సిందే. మంచిదా చెడ్డదా అని చూడకండి, దాని ఒళ్ళే అంత. పగలంతా తలుపు వేసుకుని వెళ్ళే ఇంట్లో పిల్లని పెంచితే ఇల్లంతా తడి, దాని మీద కోపం, కొన్నాళ్ళకి బాల్కనీలో గొలుసు. ఇలా జరిగిన ఇళ్ళు నాకు మూడు తెలుసు.

అత్తగారి సంగతి చెల్లికి తట్టలేదు. చిన్న కుక్క కాళ్ళలో అడ్డం పడుతుంది. పెద్ద కుక్క ఎదురొస్తే కనిపిస్తుంది. ఐదారు కిలోలది వెనకాల వచ్చి పడుకున్నా తెలియదు. మోకాళ్ళ నొప్పులున్న మనిషి తూలిపడితే తుంటి ఎముక విరగొచ్చు. కుక్క బెల్టుకి చిన్న గంట కట్టండి, రాత్రిపూట నడవాలో చిన్న బల్బు వెలగనివ్వండి. మా అమ్మ మా ఇంటికి వచ్చినప్పుడల్లా నేను చేసే మొదటి పని ఆ గంట కట్టడమే. దేవుడి గదిలోకి వస్తుందని ఆవిడకి బెంగ ఉంటే తలుపుకి అడ్డంగా ఒక చెక్క పలక పెడితే సరిపోతుంది, చిన్నది కాబట్టి దూకలేదు. కానీ ఆవిడ మనస్ఫూర్తిగా సరే అనాలి. పగలంతా దానితో ఉండేది ఆవిడే కదా. ఆవిడకి ఇష్టం లేకపోతే అక్కడితో ఆపేయండి.

ఇక బాబు. ఏడేళ్ళ పిల్లాడు దాన్ని ఎత్తుకోకుండా ఉండలేడు. చిన్న జాతి కుక్కలు చేతుల్లోంచి జారిపడితే ముందు కాళ్ళ ఎముకలు విరుగుతాయి, పశువుల డాక్టర్లు ఇలాంటివి తరచూ చూస్తారు. నేల మీద కూర్చుని ఒళ్ళోకి పిలుచుకోవాలి, నిలబడి ఎత్తుకోకూడదు. ఈ ఒక్క నియమం బాబు పాటించగలడో లేదో మీకే తెలుస్తుంది.

సెల్లార్‌లోని పిల్ల

వీధి కుక్కపిల్ల మీద నాకు చాలా ప్రేమ. మన ఎండకి, మన నీళ్ళకి, మన తిండికి తరతరాలుగా అలవాటు పడిన జాతి. ముక్కు పొడుగ్గా ఉంటుంది కాబట్టి మే నెలలో కూడా సరిగ్గా ఊపిరి తీసుకుంటుంది. పొట్టి వెంట్రుకలు, దువ్వే పని తక్కువ. తెలివి గురించి చెప్పనే అక్కర్లేదు. ఇప్పుడు వీటిని దత్తత తీసుకోమని ప్రభుత్వం కూడా ముందుకొస్తోంది. 2025 ఆగస్టులో జీహెచ్‌ఎంసీ బంజారాహిల్స్‌లోని జలగం వెంగళరావు పార్కులో వీధి కుక్కపిల్లల దత్తత మేళా పెట్టింది.

అయినా మా చెల్లి ఇంటికి అది సరిపోదనే చెప్పాను. ఇవాళ అరచేతిలో పడుతున్న ఆ పిల్ల ఏడాది తిరిగేసరికి పదిహేను, ఇరవై కిలోలు అవుతుంది. దానికి పరుగు కావాలి. ఇంట్లో వయసు మీద పడిన మనిషి, నాలుగో అంతస్తు, పగలు దాని వెంట పరిగెత్తగలవాళ్ళు ఎవరూ ఉండరు.

ఇంకోటి పార్వో అనే వైరస్ జబ్బు. ఆరు వారాల నుంచి ఆరు నెలల లోపు పిల్లలకి ఎక్కువగా వస్తుంది. పొద్దున ఆడుకున్న పిల్ల సాయంత్రానికి మూల నక్కుతుంది, తిండి ముట్టదు, వాంతులు, నెత్తురు విరేచనాలు. సెలైన్ పెట్టించి మూడు నాలుగు రోజులు కాపాడుకోగలిగితే చాలావరకు బతుకుతాయి, ఆలస్యమైతే కష్టం. దీని వైరస్ నేల మీద నెలల తరబడి చావదు. మామూలు ఫినాయిల్‌తో పోదు, బ్లీచింగ్ కలిపిన నీళ్ళతో కడగాలి. సెల్లార్‌లో ఇదివరకు పిల్లలు అలా చనిపోయి ఉంటే టీకాలు పూర్తికాని పిల్లని అక్కడ తిప్పకండి. టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకటి చొప్పున, పదహారు వారాల వయసు దాకా వేయించాలి. ఒక్క టీకాతో అయిపోయిందనుకుని రోడ్డు మీదికి తీసుకెళ్ళి పోగొట్టుకున్నవాళ్ళు ఎందరో.

పగలు ఇంట్లో ఓపికున్న మనిషి ఉండి, ఏడాది పాటు చెప్పులూ సోఫా అంచులూ పోయినా పర్లేదనుకునేవాళ్ళు, పరిగెత్తగల పిల్లలున్నవాళ్ళు వీధి పిల్లని తెచ్చుకోండి. కళ్ళు మూసుకుని తెచ్చుకోండి. ఎనిమిది వారాలు నిండేదాకా తల్లి దగ్గరే ఉండనివ్వండి. తల్లిని పట్టుకెళ్ళి ఆపరేషన్ చేయించి, టీకా వేయించి మళ్ళీ అదే చోట వదలమని మున్సిపాలిటీకి చెప్పండి. 2023లో కేంద్రం తెచ్చిన ఏబీసీ (వీధి కుక్కల సంతాన నియంత్రణ) నియమాలు చెప్పేదీ అదే. లేకపోతే ఇంకో ఆరేడు నెలలకి సెల్లార్‌లో మళ్ళీ పిల్లలుంటాయి.

కొనడం గురించి

ఇది తొందరగా ముగిస్తాను. 2017 నాటి కేంద్ర నియమాల ప్రకారం కుక్కల్ని పెంచి అమ్మేవాళ్ళు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ చేసుకుని ఉండాలి, ఎనిమిది వారాల లోపు పిల్లని అమ్మకూడదు. అమ్మేవాళ్ళని రిజిస్ట్రేషన్ చూపించమనండి, తల్లిని చూపించమనండి. తల్లిని చూపించలేని చోట కొనకండి.

2003లో ఒక మొబైల్ కంపెనీ ప్రకటనలో పిల్లాడి వెనకాల నడిచే పగ్ కుక్క వచ్చింది. ఆ తర్వాత దేశమంతా పగ్‌లే. చప్పిడి ముక్కు కుక్క మన ఏప్రిల్ ఎండల్లో ఎలా రొప్పుతుందో చూసినవాళ్ళకి ఆ మోజు ఎంత ఖరీదైనదో తెలుసు. కొన్నవాళ్ళు చాలామంది వదిలేశారు. పిల్లల కోసం వాడుకుని వయసైపోయాక బ్రీడర్లు వదిలించుకున్న ఆడకుక్కలు కూడా రెస్క్యూవాళ్ళ దగ్గరకే చేరతాయి. చెరువు కట్ట మీద దొరికిన ఆ షిట్‌జూ పొట్ట కింద చన్నులు సాగి వేలాడుతున్నాయి. అది ఎన్ని కాన్పులు మోసిందో ఎవరికి తెలుసు? కొత్త పిల్లని కొంటే ఆ పిల్ల తల్లి మళ్ళీ చూలు కట్టాల్సి వస్తుంది. అందుకే నేను కొనమని ఎవరికీ చెప్పను.

వదిలేసిన చిన్న కుక్క

పెద్దయిన కుక్కని తెచ్చుకోవడంలో ఉన్న గొప్ప మేలు ఏంటంటే, మీరు చూసేదే అది. ఎంత పెరుగుతుందో, ఎంత మొరుగుతుందో, పిల్లల్ని చూస్తే దగ్గరకొస్తుందో దూరం జరుగుతుందో ఇప్పుడే తెలుసుకోవచ్చు. చాలావాటికి ఇంట్లో ఉండే అలవాటు ముందే ఉంటుంది. మా బుజ్జి వచ్చిన రెండో రోజే వీధి తలుపు దగ్గర నిలబడి మూలిగింది, బయటికి తీసుకెళ్ళమని. ఎవరో దానికి అది నేర్పారు. నేర్పినవాళ్ళే వదిలేశారు కూడా.

చిన్న జాతులన్నీ ఒకటి కావు. మనవాళ్ళు పొమరేనియన్ అని పిలిచే బొచ్చుకుక్కల్లో ఎక్కువ భాగం నిజానికి ఇండియన్ స్పిట్జ్. మన వాతావరణానికి బాగానే తట్టుకుంటాయి, తెలివైనవి, కానీ మొరుగుతాయి. కాలింగ్ బెల్ మోగినా, లిఫ్టు తలుపు పడినా, పక్కింటి కుక్కర్ విజిలేసినా. గోడలు పల్చగా ఉన్న ఫ్లాటులో ఇది గొడవలకి దారి తీస్తుంది. షిట్‌జూ తక్కువ మొరుగుతుంది, ఒళ్ళో పడుకునే రకం. కానీ దాని జుట్టు రోజూ దువ్వాలి, లేదా నెలా నెలన్నరకోసారి పొట్టిగా కత్తిరించాలి. కళ్ళు పెద్దవి, ముందుకి పొడుచుకొచ్చి ఉంటాయి, వెంట్రుకలు గుచ్చుకుని పుండు పడతాయి. చప్పిడి ముక్కు కాబట్టి మధ్యాహ్నం బయటికి తీసుకెళ్ళకూడదు, వేసవిలో కూలరో ఏసీయో ఉండాలి. పగ్‌కి ఇంకా ఎక్కువ. డాక్స్‌హుండ్ పొట్టి కాళ్ళ మీద పొడుగు వెన్ను మోస్తుంది. మెట్లు ఎక్కిదిగితే, సోఫా మీంచి దూకితే వెన్నుపూసల మధ్య డిస్కు జారి వెనక కాళ్ళు పడిపోయే ముప్పుంది. లిఫ్టు లేని మూడో అంతస్తుకి డాక్స్‌హుండ్ వద్దు.

మా ఇంట్లో జరిగింది చెప్తాను. బుజ్జిని తెచ్చినప్పుడు దాని దగ్గర వాసన వచ్చేది. ఒళ్ళు మురికిగా ఉందేమో అనుకుని రెండుసార్లు స్నానం చేయించాం, పోలేదు. డాక్టరుగారు బల్ల మీద నిలబెట్టి, పై పెదవి బొటనవేలితో పైకెత్తి నన్ను చూడమన్నారు. వెనక దవడ పళ్ళ మీద పచ్చటి గార, గోడకి సున్నం పట్టినట్టు. చిగురు ఎర్రగా వాచిపోయి, వేలు తగలగానే సన్నగా నెత్తురు. "ఇది ఎంతకాలంగా నొప్పితో తింటోందో" అన్నారాయన. మత్తు ఇచ్చి నాలుగు పళ్ళు తీసేశారు. అంతకుముందు అది గిన్నె దగ్గర మనిషి నిలబడితే గుర్రుమనేది. పళ్ళు తీసిన పది రోజులకి ఆ గుర్రు పోయింది. దాన్ని కోపిష్టి కుక్క అనుకున్నందుకు నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అందుకే, తెచ్చుకునే ముందు డాక్టరు దగ్గరికి మీరూ వెళ్ళండి. వాలంటీరు చెప్పింది విని ఊరుకోకండి. చిన్న కుక్కల్లో చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. మొదటిది పళ్ళు. రెండోది వెనక కాలి మోకాలు చిప్ప. నడుస్తూ నడుస్తూ ఒక కాలు ఎత్తి రెండడుగులు గెంతి మళ్ళీ మామూలుగా నడుస్తుంటే చిప్ప జారుతోందని అర్థం. డాక్టరు చేత్తో కదిపి చూస్తే తెలుస్తుంది. కొద్దిగా ఉంటే బరువు పెరగకుండా చూసుకుంటే చాలు, ఎక్కువగా ఉంటే ఆపరేషన్. మూడోది దగ్గు. స్పిట్జ్, పొమరేనియన్ లాంటివాటికి గాలిగొట్టం మెత్తబడి, ఉత్సాహం ఎక్కువైనప్పుడు బాతు అరిచినట్టు దగ్గు వస్తుంది. మెడకి బెల్టు కట్టి లాగితే అది ముదురుతుంది. ఏ చిన్న కుక్కకైనా మెడ పట్టీ బదులు ఛాతీకి వేసే హార్నెస్ కొనండి. ఏడెనిమిదేళ్ళు దాటినదైతే గుండె చప్పుడు కూడా వినమనండి.

రోడ్డు మీద గడిపిన కుక్కకి పిడుదులు తప్పవు. చెవుల మడతల్లో, కాలివేళ్ళ మధ్యలో, మెడ పట్టీ కింద వెతకండి. వాటి వల్ల వచ్చే జ్వరం నెలల తరబడి లోపలే దాక్కుంటుంది. కుక్క బాగానే తింటున్నట్టు ఉంటుంది, రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటాయి. పైకి బాగున్నా సరే, తెచ్చిన వారంలో ఒక రక్తపరీక్ష చేయించండి. ముందే తెలిస్తే మందులతో తగ్గిపోతుంది.

ఆడకుక్క అయితే గర్భసంచి తీసేశారా లేదా అన్నది రాతపూర్వకంగా అడగండి. తీయని పెద్ద కుక్కకి ఎదకొచ్చిన నెలా రెండు నెలల తర్వాత గర్భసంచిలో చీము పట్టే జబ్బు వస్తుంది. నీళ్ళు విపరీతంగా తాగడం, తిండి మానేయడం, పొట్ట ఉబ్బడం కనిపిస్తే ఆ రోజే పరిగెత్తాలి, మర్నాటిదాకా ఆగకూడదు. జననాంగం దగ్గర నెత్తురు చుక్కలు కనిపించినంత మాత్రాన కంగారుపడి వద్దనకండి. వీధుల్లో తిరిగిన కుక్కల్లో ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటుకునే ఒక రకం గడ్డ ఉంటుంది, చూడ్డానికి భయం వేస్తుంది కానీ వారానికొకటి చొప్పున ఇచ్చే ఇంజెక్షన్లతో చాలావరకు పూర్తిగా కరిగిపోతుంది.

రేబీస్ గురించి మాత్రం ఎంత చెప్పినా తక్కువే. కుక్క టీకాల కార్డు లేకపోతే టీకా వేయలేదనే అనుకోవాలి. చిన్న కుక్క పన్ను చిన్నగా గీసుకుంది, ఆటలో తగిలింది అని ఊరుకునేవాళ్ళు ఉన్నారు. వద్దు. సబ్బుతో, పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. లక్షణాలు మొదలయ్యాక రేబీస్‌కి మందు లేదు. ఏటా జూలై 6న, ప్రపంచ జూనోసిస్ దినం నాడు, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకి రేబీస్ టీకా ఉచితంగా వేస్తారు.

వైద్యం ఖర్చుకి భయపడేవాళ్ళకి ఒక మాట. ప్రైవేటు క్లినిక్కులే దిక్కు అనుకోకండి. హైదరాబాద్‌లో నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాల, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ, ఏపీలో తిరుపతి, గన్నవరం వెటర్నరీ కాలేజీలు ఉన్నాయి. కాస్త వేచి ఉండాలి గానీ బాగా చూస్తారు. తిండి ఖర్చు అంత పెద్దది కాదు, ఆరు కిలోల కుక్కకి రోజుకి 100 నుంచి 120 గ్రాముల పొడి మేత సరిపోతుంది. ఇంటి తిండే పెడతామంటే ఒట్టి పెరుగన్నం చాలదు, ఉడికించిన గుడ్డో చికెనో కలపాలి. ఉల్లిపాయ, వెల్లుల్లి పడిన సాంబారూ కూరా వద్దు, వాటితో ఎర్ర రక్తకణాలు దెబ్బతింటాయి. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ వద్దు. జ్వరం వచ్చిందని మనం వేసుకునే మాత్ర ముక్క చేసి అస్సలు వేయకండి.

ఎందుకు వదిలేశారో అడగండి

వాలంటీరుకి తెలిసినంతవరకు అడగాలి. అమెరికా వెళ్ళిపోయారు, ఇల్లు మారారు, పాప పుట్టింది అంటే ఒక రకం. కరిచింది అంటే ఇంకో రకం, ఎవరిని, ఎప్పుడు, ఏం చేస్తుంటే అని లోతుగా అడగాలి. ఒక్కసారి చూసి తీసుకోకండి. వేర్వేరు వేళల్లో రెండు మూడుసార్లు వెళ్ళండి. కాళ్ళు పట్టుకోనిస్తుందా? తింటున్నప్పుడు పక్కన నిలబడితే ఏం చేస్తుంది? చీపురు చేతిలో పట్టుకుంటే ముడుచుకుపోతుందా? బాబుని కూడా ఒకసారి తీసుకెళ్ళమన్నాను, కానీ మొదటిసారి వద్దన్నాను. పిల్లాడు ఏడ్చాక మనం ఆలోచించలేం.

మంచి సంస్థలు, మంచి వాలంటీర్లు మిమ్మల్ని కూడా ప్రశ్నలడుగుతారు. ఇల్లు చూస్తామంటారు, ఫారం మీద సంతకం పెట్టమంటారు. చిన్నబుచ్చుకోకండి. అలా అడిగేవాళ్ళ దగ్గరే తీసుకోవాలి. హైదరాబాద్‌లో 1992లో మొదలైన బ్లూ క్రాస్, విశాఖలో 1996 నుంచి నడుస్తున్న వీఎస్‌పీసీఏ లాంటి సంస్థలు ఉన్నాయి. ఏమీ అడక్కుండా బుట్టలో పెట్టి ఇచ్చేస్తే, రేపు మీకు కుదరకపోతే తిరిగి తీసుకునేవాళ్ళు ఉండరు.

తెచ్చిన మొదటి మూడు రోజులు భయం, మూడు వారాలకి అలవాటు, మూడు నెలలకి అది ఇల్లు అనుకుంటుంది అని రెస్క్యూవాళ్ళు చెప్తారు. మా బుజ్జి మొదటి రాత్రి వాషింగ్ మెషీన్ వెనక దూరింది. పైపుకీ గోడకీ మధ్య జానెడు సందు. పిలిచినా రాలేదు, బిస్కెట్ పెట్టినా రాలేదు. రాత్రి రెండింటికి లేచి చూస్తే రెండు కళ్ళు మెరుస్తున్నాయి. దాన్ని లాగలేదు. పక్కన పాత నూలు చీర పరిచి, నీళ్ళ గిన్నె పెట్టి, నేనూ వంటింటి గట్టుకి ఆనుకుని కాసేపు కూర్చున్నాను. తెల్లారేసరికి చీర మీద ఉంది, ముక్కు మాత్రం ఇంకా మెషీన్ కిందే. తొందరపడి చుట్టాల్నీ పక్కింటివాళ్ళనీ పిలిచి చూపించే ఇంట్లో ఆ మూడు రోజులు మూడు నెలలవుతాయి.

అమ్మానాన్నల కోసం తెచ్చేవాళ్ళకి

విజయవాడలోనో గుంటూరులోనో అమ్మానాన్నలు ఒంటరిగా ఉంటారని పిల్లలు అమెరికా నుంచి వచ్చినప్పుడు ఒక కుక్కపిల్లని కొనిచ్చి వెళ్తారు. ప్రేమతోనే చేస్తారు. కానీ చిన్న జాతి కుక్క పన్నెండు నుంచి పదిహేనేళ్ళు బతుకుతుంది. నాన్నగారికి ఇప్పుడు అరవై ఎనిమిది అయితే ఆ పిల్ల ముసలిదయ్యేసరికి ఆయనకి ఎనభై దాటుతుంది. అలాంటి ఇంటికి ఎనిమిదేళ్ళ నెమ్మదైన కుక్కని చూడండి. రెస్క్యూవాళ్ళ దగ్గర ఎవరూ అడగని కుక్కలు అవే, మధ్యాహ్నం కునుకు తీసే మనుషుల పక్కన హాయిగా ఉండేవీ అవే. అమ్మానాన్నలు ఆరు నెలలు అమెరికా వస్తే దాన్ని ఎవరు చూస్తారన్నది ముందే తేల్చుకోండి. వెంట తెచ్చుకోవడం తేలిక కాదు. అక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ తయారుచేసిన, రేబీస్ ముప్పు ఎక్కువున్న దేశాల జాబితాలో ఇండియా ఉంది, 2024 ఆగస్టు నుంచి కుక్కకి ఆరు నెలలు నిండి ఉండాలి, మైక్రోచిప్ ఉండాలి, ఇంకా చాలా కాగితాలు కావాలి.

సొంతూరికి సంక్రాంతికి వెళ్ళేవాళ్ళకీ ఇదే ప్రశ్న. రైల్లో అయితే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం బుక్ చేసుకుంటే మీతో తీసుకెళ్ళొచ్చు, లేదంటే సామాన్లు వేసే బ్రేక్‌వ్యాన్‌లోని డాగ్ బాక్సు. ఆ బాక్సులో చిన్న కుక్కని రాత్రంతా పెట్టమని నేను చెప్పలేను. పండక్కి ఎక్కడికీ వెళ్ళకుండా ఇక్కడే ఉండే స్నేహితులతో ముందే ఒక మాట అనుకోవడం నయం.

ఫ్లాటు, ఓనరు, అసోసియేషన్

కుక్కల్ని పెంచుకోకూడదని, లిఫ్టు ఎక్కనివ్వకూడదని అపార్ట్‌మెంట్ అసోసియేషన్ తీర్మానం చేయడానికి వీల్లేదని భారత జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పింది. అద్దె ఇంటి ఓనరుతో మాత్రం ముందే మాట్లాడి ఒప్పందంలో ఒక వాక్యం రాయించుకోండి. సగం కుక్కలు ఇల్లు మారేటప్పుడే వీధిన పడుతున్నాయని నాకనిపిస్తుంది. వదిలేయడం నేరమని 1960 నాటి చట్టమే చెప్తోంది, కాకపోతే అందులో మొదటి తప్పుకి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. చెరువు కట్ట మీద కుక్కని దింపేవాడికి 50 రూపాయలు ఏ పాటి?

ఇప్పుడే కుదరదని తేలితే

అలా తేలినా ఏ తప్పూ లేదు. తెచ్చుకుని మూడు నెలలకి తిరిగి ఇచ్చేస్తే దానికి రెండోసారి ఇల్లు పోతుంది. మధ్యలో ఇంకో దారి ఉంది. ఫోస్టర్‌గా పదిహేను రోజులో నెలో మీ ఇంట్లో ఉంచుకోవడం. మందులూ ఆసుపత్రీ చాలావరకు వాలంటీర్లు చూసుకుంటారు, మీరు చోటు ఇవ్వాలి. అత్తగారి కాళ్ళకి అడ్డం పడుతుందా, బాబు దాన్ని ఎత్తుకోకుండా ఉండగలడా, మంగళవారం పొద్దున ఆరింటికి నిజంగా ఎవరు లేస్తున్నారు, అన్నీ ఆ పదిహేను రోజుల్లోనే తెలిసిపోతాయి. ఒకటే గుర్తు పెట్టుకోండి, దీపావళికి ముందు వారం మాత్రం తెచ్చుకోకండి. కొత్త ఇంట్లో, కొత్త మనుషుల మధ్య బాంబుల చప్పుడుకి బెదిరి తలుపు తెరుచుకోగానే పారిపోయే కుక్కలు ఏటా ఉంటాయి.

చెల్లి అదే ఎంచుకుంది. దీపావళి వెళ్ళిన తర్వాతి శనివారం ఆ షిట్‌జూని పదిహేను రోజులకని తెచ్చుకోబోతున్నారు. సెల్లార్‌లోని తల్లికి ఆపరేషన్ కోసం అర్జీ పెట్టింది. నిన్న ఫోన్ చేసి, "అక్కా, బైక్ మీద వెళ్ళి తెచ్చేస్తాం" అంది. బైక్ వద్దమ్మా అన్నాను. ఆటోలో వెళ్ళండి, ఇద్దరు పెద్దవాళ్ళు వెళ్ళండి. బయల్దేరడానికి మూడు గంటల ముందు నుంచి దానికి తిండి పెట్టొద్దని వాలంటీరుకి చెప్పు, లేకపోతే దారిలో వాంతి చేసుకుంటుంది. హార్నెస్ అక్కడే వేసి, తాడు నీ మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకో. అత్తగారి పాత నూలు చీర ఒకటి అడిగి తీసుకెళ్ళు, ఆవిడ వాసన దానికి దారిలోనే అలవాటవుతుంది.